పేర్లన్నీ అయ్యేదాకా

సినిమా చూసి బయటికొచ్చాక, బండి తీసేలోపు ఒక్క వాక్యం రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. చిన్న రూళ్ళ పుస్తకం. తారీఖు, సినిమా పేరు, ఒక్క వాక్యం, అంతే. స్టార్లూ మార్కులూ వెయ్యను. ఈ అలవాటు ఎలా మొదలైందో చెబితే నవ్వుతారు. ఒకసారి ఓ మిస్టరీ సినిమాలో ఇంటర్వెల్‌కే హంతకుడెవరో చెప్పేశాను. పక్కనున్న స్నేహితుడు "నీకెలా తెలుసురా?" అని నోరెళ్ళబెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అదే సినిమా రెండేళ్ళ కిందట చూశానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మొన్న అలమారా సర్దుతుంటే 2024 పుస్తకం చేతికి తగిలింది. ఆ ఏడాది నాకు నచ్చిన సినిమాల గురించి రాద్దామని, నేల మీదే కూర్చుని మొత్తం చదివాను. చదివాక పెద్ద చిక్కొచ్చిపడింది. ఆ రోజు ఆహా ఓహో అని రాసుకున్నవాటిలో సగం ఇప్పుడు గుర్తే లేవు. ముఖం చిట్లించి రాసినవేమో మనసు వదిలి పోవట్లేదు. నా దస్తూరీతో నేనే ఒప్పుకోలేని పరిస్థితి.

మార్చి 1 దగ్గర మొదలుపెడతాను. ఆ శుక్రవారం హాలీవుడ్ నుంచి 'డ్యూన్: పార్ట్ టూ' వచ్చింది, కిరణ్ రావు తీసిన హిందీ సినిమా 'లాపతా లేడీస్' కూడా అదే రోజు వచ్చింది. మేం నలుగురం ఎటు పరిగెత్తామో వేరే చెప్పక్కర్లేదు. 'డ్యూన్' హీరో పాల్ ఆట్రైడిస్ మొదటిసారి ఆ రాక్షసి ఇసుకపురుగు మీదికెక్కేటప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాను. "ఇది ఇంట్లో చూసినవాడు చూడనట్టే" అని రాశాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అయితే ఆ హోరు, ఆ ఇసుక పక్కనపెట్టి, అందులో ఎవరికెవరు ఏమవుతారో చెప్పమంటే మాత్రం తడుముకుంటాను.

'లాపతా లేడీస్'కి రెండు వారాల తర్వాత వెళ్ళాను, అదీ వేరే సినిమాకి టికెట్లు దొరక్క. హాల్లో నాతో కలిపి పదకొండు మంది. 2001లో జరిగే కథ. రైల్లో ఇద్దరు కొత్త పెళ్ళికూతుళ్ళు, ఇద్దరికీ ఒకేలాంటి మేలిముసుగు. చీకట్లో పెళ్ళికొడుకు తన భార్యని వదిలేసి ఇంకొకామెని దింపుకుని ఇంటికి తీసుకొస్తాడు. భార్యని వెతకడానికి పెళ్ళి ఫోటో పట్టుకుని తిరుగుతుంటాడు. ఆ ఫోటోలో ఆమె మొహమే కనపడదు, ముసుగు. పదకొండు మందిమీ గట్టిగా నవ్వాం. కాసేపటికి ఆ నవ్వు మాకే ఇబ్బందిగా అనిపించింది. ఇంత చూసి నేను రాసిందేమిటంటే, "సరదాగా ఉంది, సాయంత్రం గడిచింది."

గడవలేదు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు నడిపే మంజూ మాయి ఆ తర్వాత చాలా రోజులు నాతోనే ఉంది. మొగుణ్ణీ కొడుకునీ వదిలించుకుని ఒంటరిగా బతుకుతున్న మనిషి. మాట కరుకు. తప్పిపోయి వచ్చిన పిల్లకి జాలి చూపించదు, పని చూపిస్తుంది. చేసిన పనికి డబ్బు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెడుతుంది. తన సంపాదన అనేది మొదటిసారి చూసుకున్న ఆ పిల్ల మొహం కూడా బాగుంటుంది గానీ, ఇచ్చినావిడ మొహం ఇంకా బాగుంటుంది. ఆ నటి పేరు ఛాయా కదమ్. పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకి సినిమా ఓటీటీలోకొచ్చి అందరి నోటా అదే మాటయ్యాక, "నేను హాల్లో చూశాను తెలుసా" అని గొప్పలు పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. హాల్లో చూసి ఏం రాశానన్నది ఎవరికీ చెప్పలేదు.

ఇక మలయాళం నుంచి 'మంజుమ్మల్ బాయ్స్'. కొడైకెనాల్ గుణ గుహల్లో స్నేహితుడు లోతైన గుంటలో పడిపోతే మిగతావాళ్ళు ఎలా బయటికి తీశారన్న కథ, 2006లో నిజంగా జరిగింది. కథ ముందే తెలుసు, బతుకుతాడని కూడా తెలుసు. అయినా ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. తాడు పైకొచ్చే సమయానికి 'గుణ' సినిమాలోని ఇళయరాజా పాట అందుకుంటుంది. ముప్పై ఏళ్ళ కిందటి ప్రేమపాట ఒక్కసారిగా స్నేహం పాటైపోయింది. ఆ క్షణంలో నాకు గుహ కనపడలేదు. నాన్న పక్కన కూర్చున్న ఓ పాత హాలు కనపడింది.

'గుణ' వచ్చింది 1991లో. నన్ను నాన్నే తీసుకెళ్ళారు. సినిమాకి తీసుకెళ్ళడమంటే ఆయన దగ్గర ఒక పద్ధతుండేది. పేర్లు పడకముందే సీట్లో ఉండాలి. పేర్లు పోతే సగం సినిమా పోయినట్టేనని ఆయన లెక్క. ఆ రోజుల్లో పేర్లన్నీ ముందే వేసేవారు. ఎడిటింగ్ ఎవరు, కళ ఎవరు, శబ్దగ్రహణం ఎవరు అని ఆయన పెదాలు కదిలిస్తూ చదివేవారు. టికెట్ల కిటికీ దగ్గర ఆలస్యమై లోపలికెళ్ళేసరికి దర్శకుడి పేరు పడుతుంటే, ఇంటర్వెల్ దాకా ముభావంగా ఉండేవారు. తర్వాత్తర్వాత సినిమాల్లో పేర్లు చివరికి జరిగాయి. నాన్న కూడా వాటితోపాటే జరిగారు. కథ అయిపోతుంది, లైట్లు వెలుగుతాయి, తలుపులు తీసేస్తారు, హాలు ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వస్తారు, ఈయన మాత్రం కదలరు. నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, కింది నుంచి పైకి పాకే పేర్లు చదువుతుంటారు. కాలేజీ రోజుల్లో నాకది ప్రాణసంకటంగా ఉండేది. బయట స్నేహితులు కనపడతారేమోనని ముందే నడిచి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇప్పుడాయన హాలుకి రావట్లేదు. నాలుగైదేళ్ళుగా చెవులు సరిగ్గా వినపడవు. వినికిడి మిషన్ ఉంది గానీ, హాల్లో అది మాటనీ మోతనీ ఒకేలా పెంచి చెవిలో పోస్తుందట. "ఉరుముల మధ్య ఎవరో గొణుగుతున్నట్టుంటుందిరా" అంటారు. ఇంట్లో చూద్దామంటే సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో పరిగెడతాయి. తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషికి, తెలుగు సినిమా కింద తెలుగు అక్షరాలు కనపడటం ఎంత అరుదో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సరే, అది వేరే గొడవ.

జూన్ పేజీలు మహా హుషారుగా ఉన్నాయి. విజయ్ సేతుపతి యాభయ్యో సినిమా 'మహారాజ' చూసి "స్క్రీన్‌ప్లే అంటే ఇదీ! మళ్ళీ చూడాలి" అని కింద రెండు గీతలు గీశాను. మళ్ళీ చూడలేదు. ముడి విప్పేశాక ఆ తాడుతో ఏం చెయ్యాలో తెలియదు కదా. 27న 'కల్కి 2898 ఏడీ'. "మనవాళ్ళు ఇంత తీశారా!" అని ఉంది. ఆ రోజు హాల్లో ఈలలు వేసినవాళ్ళలో నేనొకణ్ణి, దానికి సిగ్గేం లేదు. ఏడాది తిరిగాక ఆ ఆకాశహర్మ్యాలూ ఆ వాహనాలూ మసకబారిపోయాయి గానీ, అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాడు. చావు రాని శాపం మోసేవాడి అలసట ఆ కళ్ళలో ఉంది. ఎనభై దాటిన నటుడు కాబట్టి అది నటనా నిజమా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను.

సెప్టెంబరు 6న వచ్చిన '35: చిన్న కథ కాదు' గురించి "ఏడుపు ఓ పిసరు ఎక్కువైంది" అని రాశాను. ఇదీ నా యోగ్యత. తిరుపతిలో జరిగే ఆ కథలో చిన్న పిల్లాడికి లెక్కలు ఎక్కవు. ఎక్కకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఒక ప్రశ్న. సున్నాకి విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పదెలా అవుతుంది? ఎవరూ జవాబు చెప్పరు. మాస్టారు వాణ్ణే జీరో అని పిలుస్తాడు. సున్నాతో లెక్కలకి నియమాలు రాసిపెట్టిన బ్రహ్మగుప్తుడంతటివాడే 628లో సున్నాని సున్నాతో భాగించడం దగ్గర తప్పులో కాలేశాడు. ఈ పసివాడిదేం తప్పు? పదో తరగతి తప్పిన తల్లి, నివేదా థామస్, కొడుక్కి చెప్పడం కోసం తను మళ్ళీ లెక్కలు మొదలుపెడుతుంది. బడిలో నేను ఇలాంటి ప్రశ్న ఒకటి అడిగి, వెనక బెంచీ దాకా నవ్వులపాలై, ఆ తర్వాత ప్రశ్నలడగడం మానేశాను. ఆ సంగతి సినిమా చూసిన రోజు గుర్తు రాలేదు. నెల తర్వాత ఎందుకో స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. కొన్ని సినిమాలు అంత ఆలస్యంగా మొదలవుతాయి.

అదే నెలాఖరులో 'సత్యం సుందరం'. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీనికి నేను బాకీపడ్డాను.

తమిళంలో దీని పేరు 'మెయ్యళగన్'. '96' అనే సినిమా తీసిన ప్రేమ్‌కుమార్ దర్శకుడు. చిన్నప్పుడే ఆస్తి తగాదాల్లో ఇల్లు పోగొట్టుకుని ఊరు వదిలేసిన ఒకాయన, ఇరవై ఏళ్ళు దాటాక చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్ళికి తిరిగొస్తాడు. కానుక ఇచ్చి రాత్రికి రాత్రే వెనక్కి పోదామని వచ్చినవాడు అరవింద్ స్వామి. పెళ్ళిలో ఒకడు తగులుకుంటాడు. బావా బావా అంటూ వెంటే తిరుగుతాడు, వడ్డిస్తాడు, వాగుతాడు, ఇంటికి లాక్కెళ్ళి పడుకోబెడతాడు. అది కార్తి. ఇబ్బంది ఏమిటంటే, ఈ బావకి అతనెవరో తెలియదు. అడుగుదామంటే సమయం దాటిపోయింది. ఇంత ప్రేమ చూపించేవాణ్ణి "ఇంతకీ నువ్వెవరు?" అని ఏ నోటితో అడుగుతాం?

ఈ అవస్థ నాకు బాగా తెలుసు. నా ఫోన్లో "పెళ్ళిలో కలిసినాయన" అన్న పేరుతో ఒక నంబరుంది. ఏడాదికోసారి ఫోన్ చేసి ఇంట్లో అందరి పేర్లూ పెట్టి అడుగుతాడు. నేనూ "ఆఁ, అందరూ బాగున్నారండీ, మీవాళ్ళెలా ఉన్నారు?" అంటాను. మీవాళ్ళంటే ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

సినిమాలో ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఊరొదిలి పోయేటప్పుడు వీళ్ళు వదిలేసిన పాత సైకిలు తన బతుకునే మార్చేసిందని అతను చెబుతాడు. ఇచ్చినవాడికి ఇచ్చినట్టే తెలియదు, పుచ్చుకున్నవాడు దాన్ని దేవుడిలా చూసుకున్నాడు. అది విన్నాక ఈయనకి ఆ ఇంట్లో నిద్రెలా పడుతుంది? తెల్లారకముందే చెప్పకుండా పారిపోతాడు. ఎదుటివాడి పేరు తెలియదన్న సిగ్గుతో పారిపోయిన మనిషిని తెరమీద అంతకుముందు చూసిన గుర్తు లేదు.

నేను రాసిన వాక్యం: "మంచి సినిమా, ఓ అరగంట కోసేస్తే ఇంకా బాగుండేది."

నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు. విడుదలైన కొద్దిరోజులకే తమిళ సినిమాలోంచి పద్దెనిమిది నిమిషాలకు పైగా తీసేశారు. ఆ వార్త చదివి, చూశావా నేనే కరెక్టు అనుకున్నాను కూడా. తర్వాత ఇంట్లో మళ్ళీ చూస్తే, నేను కోసెయ్యమన్న చోట్ల కోసమే ఎదురుచూస్తున్నాను. పెళ్ళి వేదిక మీద చెల్లెలు అన్న తెచ్చిన కానుకని అక్కడికక్కడే విప్పి చూసుకుంటుంటే జనమంతా ఆగుతారు. కథకి అంతసేపు అక్కర్లేదు. ఆ అన్నాచెల్లెళ్ళకి కావాలి. చుట్టరికాన్ని గంటన్నరలో ముగించే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదనుకుంటాను.

నవంబరు 22న 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'. పాయల్ కపాడియా సినిమా. ముప్పై ఏళ్ళలో కాన్ చిత్రోత్సవం ప్రధాన పోటీకి వెళ్ళిన మొదటి భారతీయ చిత్రం, అక్కడ రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. దేశమంతటా విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. ఇవన్నీ తెలిసి, గంభీరంగా మొహం పెట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. ముంబయి, వాన, నీలం వెలుగు, ఇద్దరు మలయాళీ నర్సులు. పెద్దామె ప్రభ. భర్త జర్మనీలో ఉంటాడు, ఫోన్లు కూడా మానేశాడు. ఒకరోజు జర్మనీలో తయారైన రైస్ కుక్కరొకటి పార్సిల్లో వస్తుంది. ఎవరు పంపారో రాసి ఉండదు. రాత్రి ఎవరూ చూడనప్పుడు ఆమె నేల మీద కూర్చుని ఆ కుక్కర్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంటుంది. కనీ కుస్రుతి మొహంలో కన్నీళ్ళేం ఉండవు. ఎర్రటి కుక్కరు, ఒక మనిషి, చీకటి. అంతే.

నా పుస్తకంలో: "నెమ్మది. రెండుసార్లు వాచీ చూశాను."

చూశాను, నిజమే. కానీ రెండోసారి చూసిన తర్వాతే ఛాయా కదమ్‌ని గుర్తుపట్టాను. మంజూ మాయి! ఇక్కడ ఆసుపత్రిలో వంటమనిషి పార్వతి. ఇరవై ఏళ్ళకి పైగా ఉంటున్న గది ఆమెదేనని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. బిల్డరు ఖాళీ చెయ్యమంటాడు. ఒకరాత్రి ఆమె, ప్రభ కలిసి ఆ బిల్డరు హోర్డింగు మీద రాళ్ళు విసురుతారు. నా చేతిక్కూడా రాయి కావాలనిపించింది. ఆస్కార్‌కి మన దేశం తరఫున ఈ సినిమాని కాదని 'లాపతా లేడీస్'ని పంపినప్పుడు బోలెడు వాదనలు నడిచాయి. నేను ఏ పక్షంలోనూ చేరలేకపోయాను. ఎటు గెలిచినా నాకు ఛాయా కదమే గెలిచినట్టు.

ఇక చివరిది నా పుస్తకంలో లేనే లేదు. సినిమా 2024దే, మేం చూసింది మాత్రం ఏడాది మారాక, ఇంట్లో. 'ఫ్లో'. లాత్వియా అనే చిన్న దేశం నుంచి గింట్స్ జిల్బలోడిస్ అనే కుర్రాడు, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీసిన యానిమేషన్ సినిమా. ఎనభై అయిదు నిమిషాలు. మనుషులుండరు. వరద వస్తుంది, ఒక నల్ల పిల్లి పడవెక్కుతుంది. అందులో అప్పటికే కాపిబారా, అంటే పెద్ద ఎలకలాంటి జంతువు, ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటే కోతిలాంటి లెమర్, పొడుగుకాళ్ళ సెక్రటరీ పక్షి, కుక్క చేరతాయి. ఒక్క మాట కూడా ఉండదు. ఇంతకంటే తెలుసుకోవద్దనుకునేవాళ్ళు ఇక్కడ ఆగండి, చివరిదాకా చెప్పేస్తాను.

నేను ఒక్కణ్ణే చూద్దామని పెట్టుకున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. అయిదు నిమిషాలయ్యాక చెవిలోంచి మిషన్ తీసి, బ్యాటరీ మూత తెరిచి, మూసి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇంకో రెండు నిమిషాలు చూసి, "ఒరేయ్, ఇది పూర్తిగా పోయినట్టుంది. ఏం వినపడట్లేదు" అన్నారు.

"పోలేదు నాన్నా. ఇందులో ఎవరూ మాట్లాడరు."

"చివరిదాకానా?"

"చివరిదాకా."

ఆయన కాసేపు నా వంక అనుమానంగా చూశారు. తర్వాత మిషన్ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ తెరకి ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

శబ్దం మొత్తం నాకొక్కడికే వచ్చింది. అందులో జంతువుల గొంతులు నిజం జంతువులవే. కాపిబారాకైతే దాని సొంత గొంతు నప్పలేదని ఒంటె పిల్ల గొంతు పెట్టారట. ఇదంతా ఆయనకి చెబుదామనుకున్నాను గానీ నోరు తెరవబుద్ధి కాలేదు. పిల్లి నీళ్ళలో పడిన ప్రతిసారీ ఆయన కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంటున్నారు. లెమర్ అద్దం చూసి మురిసిపోతుంటే, దగ్గరి బంధువొకాయన పేరు చెప్పి "అచ్చం వాడే" అన్నారు. ఎన్ని నెలలైందో ఆయన సినిమా మధ్యలో మాట్లాడి. నేను తిరిగి చెప్పే కథ కోసం ఎదురుచూడకుండా, నాకంటే ముందే నవ్వి.

చివర్లో వరద తీస్తుంది. తిమింగలంలాంటి ఆ పెద్ద జంతువు, అప్పటిదాకా పిల్లిని కాపాడుతూ వచ్చినది, అడవిలో నేల మీద పడిపోయి ఉంటుంది. పిల్లి దాని దగ్గరికి వెళ్ళి తల ఆనిస్తుంది. ఆ తర్వాత, పక్షి పోగా మిగిలిన నాలుగు జంతువులూ ఒక నీటిగుంటలో తమ నీడలు చూసుకుంటాయి. పేర్లు మొదలయ్యాయి. నేను గొంతు సవరించుకుని, కళ్ళు ఆయనకి కనపడకుండా అటు తిప్పుకుని, రిమోట్ అందుకున్నాను.

నాన్న చెయ్యి ఎత్తారు. "ఉండు."

ఇంగ్లీషు అక్షరాలు. చదవగలిగినన్ని కూడబలుక్కుంటూ చదువుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. నేను రిమోట్ పట్టుకునే కూర్చున్నాను. ముందే నడిచి బయటికి వెళ్ళిపోవడానికి ఈసారి గుమ్మం కూడా లేదు. పేర్లన్నీ అయిపోయాయి. అయిపోయాక తెర మళ్ళీ వెలిగింది. సముద్రం. నీళ్ళు రెండుగా విడిపోయి, ఆ తిమింగలం వీపు పైకి తేలింది.

నాన్న బల్ల మీద మిషన్ కోసం తడుముకుని చెవికి పెట్టుకున్నారు.

"ఇప్పుడేమైనా శబ్దం వచ్చిందా?"

"నీళ్ళ చప్పుడు, నాన్నా."

"వెనక్కి తిప్పు," అన్నారు.